శికం వైపు నుంచి చూడండి: మొక్కలను బట్టి చెరువు బాగోగులు తెలుసుకోవడం ఎలా?

చెరువును మనం ఎప్పుడూ కట్ట మీద నుంచే చూస్తాం. బతుకమ్మను సాగనంపేది అక్కడే, సాయంత్రం నడకకు వెళ్లేది అక్కడికే, ఫొటోలు దిగేదీ అక్కడే. కట్ట దగ్గర నీళ్లు లోతుగా ఉంటాయి, రాతి పరుపు నిటారుగా దిగుతుంది, మొక్క నిలదొక్కుకునే జాగా తక్కువ. అందుకే కట్ట మీద నిలబడ్డవాళ్లకు నిండిన చెరువు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. అది జబ్బు పడ్డ సంగతి తెలిసేది అవతలి ఒడ్డున, వాగు వచ్చి కలిసే శికం (నిండితే మునిగే, నీళ్లు తగ్గితే తేలే చెరువు నేల) వైపు. అక్కడ నేల మెల్లగా వాలి నీళ్లలోకి దిగుతుంది. ఆ వాలు మీద ఏ మొక్క ఎక్కడ నిలబడిందో చదవగలిగితే చెరువు కథంతా చదివినట్టే.

నీటి పరీక్ష ఎందుకు చాలదంటారా? సీసాలో పట్టిన నీళ్లు ఆ రోజు సంగతి మాత్రమే చెబుతాయి. నిన్న వాన పడితే ఒక ఫలితం, పడకపోతే ఇంకొకటి. రాత్రి మురుగు వదిలి పొద్దునకు ఆపేస్తే పరీక్షకు ఏమీ దొరకదు. మొక్క అట్లా కాదు. అది నెలల తరబడి ఒకేచోట ఉండి ఆ నీళ్లే తాగింది, ఆ బురదలోనే వేరు దించింది. ఎండిన రోజులకూ మునిగిన రోజులకూ అదే సాక్షి. పైగా దాన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. మోకాళ్ల దాకా తడవడానికి, ఏటా అదే చోటికి తిరిగి రావడానికి సిద్ధపడితే చాలు.

హనుమకొండలో వృక్షశాస్త్రం చెప్పే మనిషిని. పిల్లలను వెంటబెట్టుకుని చెరువుల వెంట తిరుగుతూ నేర్చుకున్న పద్ధతి ఇది. డిగ్రీ పిల్లలు, బడి పంతుళ్లు, మత్స్యకార సంఘాల వాళ్లు ఎవరైనా చేయవచ్చు.

ముందు చెరువును ఎంచుకోండి, ఊరిని అడగండి

పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువులతో మొదలుపెట్టకండి. ఒక పూటలో శికం వైపంతా నడిచి రాగలిగే ఊరి చెరువో కుంటో తీసుకోండి. కుదిరితే ఒకే గొలుసులోని రెండు చెరువులు తీసుకోండి. మనవి కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. నీళ్లతో పాటు మురుగు, మొక్క ముక్కలు, విత్తనాలు కూడా చేరతాయి. పై చెరువులో ఈ ఏడు కనిపించిన గుర్రపుడెక్క కింది చెరువుకు ఎప్పుడు దిగుతుందో రెండూ చూస్తేనే తెలుస్తుంది.

చెరువు దగ్గరికి వెళ్లే ముందు మనుషుల దగ్గరికి వెళ్లండి. తూము తెరిచి మూసే నీరటి ఉంటే ఆయన, గంగపుత్రుల ముదిరాజుల ఇళ్లలో పెద్దవాళ్లు, శికంలో కూర ఏరుకునే ఆడవాళ్లు, బర్రెలు మేపేవాళ్లు. "ఇరవై ఏండ్ల కింద ఈడ ఏముండె?" అని అడగండి. తామర ఉండేదా, కలువ ఉండేదా, తూటికూర దొరికేదా, నీళ్లు ఏ నెలదాకా నిలిచేవి. నీళ్ల లోపలే పెరిగే నాచు మొక్కల గురించి అడిగితే ఒక ముసలాయన నాకు చెప్పిన మాట ఇప్పటికీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది: "నాచు ఉన్నన్ని దినాలు కొర్రమట్ట ఉండె బిడ్డా. నాచు పోయింది, ఎనకనే అది పోయింది." కొర్రమట్ట గుడ్లు పెట్టేది ఒడ్డున మొక్కలు గుబురుగా ఉన్న లోతులేని నీళ్లలోనే. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. ఆ ముసలాయన చెప్పింది అక్షరాలా జీవశాస్త్రమే.

ఇంకో రెండు సంగతులు తప్పక అడగండి. చెరువులో ఏ చేపపిల్లలు వదిలారు? గడ్డిచేప వదిలితే అది అడుగు మొక్కలను మేసేస్తుంది. బంగారుతీగ చేప బురద తవ్వుతుంది, వేళ్లు లేచిపోతాయి, నీళ్లు మడ్డిగా మారతాయి. ఇది తెలియకపోతే చేప చేసిన పనిని మురుగు మీద వేస్తారు. రెండోది, నీళ్లు ఎక్కడివి? వానవేనా, ఎత్తిపోతల నీళ్లు కూడా వస్తున్నాయా? దేవాదుల పథకం గోదావరి నీళ్లను ధర్మసాగరానికీ ఇంకా ఎన్నో చెరువులకూ తెస్తోంది. అలా నిండిన చెరువు ఎండాకాలంలోనూ నిలకడగా ఉంటుంది. అది పంటకు మేలు. కానీ నీళ్లు తగ్గాక తేలిన తడి నేలలో మాత్రమే మొలిచే మొక్కలకు అక్కడ చోటు ఉండదు, నిలకడ నీళ్లను ఇష్టపడే జమ్ము (నీళ్లలో నిలబడే పొడవాటి గడ్డి) మాత్రం పెరుగుతుంది. ఆ మార్పు జబ్బు అని తేల్చే ముందు నీళ్ల లెక్క చేతిలో ఉండాలి.

ఎప్పుడు వెళ్లాలి

ఏడాదికి రెండుసార్లు. మొదటిది వానలు వెనకబట్టాక, దసరా దాటి కార్తీకంలో. అప్పటికి చెరువు నిండి నీళ్లు తేరుకుంటాయి. కలువ, తామర, తుంగ, నీటి గడ్డి అన్నీ పూత మీదో గింజ మీదో ఉంటాయి. పువ్వు లేకుండా తుంగజాతులను గుర్తుపట్టడం తలపండిన వాళ్లకే కష్టం. రెండోది ఏప్రిల్‌లో, శికం నేల తేలాక. కార్తీకంలో నీళ్ల కింద దాగిన సంగతులు అప్పుడు బయటపడతాయి: సర్కారు తుమ్మ ఎంత లోపలికి వచ్చింది, పూడిక ఎక్కడ పేరుకుంది, మట్టి ఎక్కడ ఎత్తుకుపోయారు.

వానాకాలం మధ్యలో, నీళ్లు ఎర్రగా పొంగుతున్నప్పుడు వెళ్లకండి. చూసేదీ ఏమీ ఉండదు, ప్రమాదమూ ఎక్కువే.

పట్టుకెళ్లాల్సినవి

యాభై మీటర్ల నైలాన్ తాడు, ఐదు మీటర్లకొక ముడి వేసి. పీవీసీ పైపుతో చేసిన ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చట్రం. నీళ్ల లోతు కొలవడానికి సెంటీమీటర్లు గీసిన వెదురు కర్ర. పెన్సిల్, గట్టి అట్ట నోట్‌బుక్, పాత న్యూస్‌పేపర్లు, ఫోన్. పెన్ను వద్దు, తడిస్తే రాత పోతుంది.

నీళ్ల తేట కొలవడానికి ఒక తెల్లటి పళ్లెం కూడా తీసుకోండి. 1865లో ఇటలీలో ఆంజెలో సెక్కి మొదలుపెట్టిన పద్ధతే ఇది. పళ్లేనికి బరువు కట్టి తాడుతో దింపాలి, కళ్లకు కనబడకుండా పోయిన లోతు రాసుకోవాలి. వెలుతురు అందని చోట నీటి అడుగు మొక్క బతకదు కాబట్టి ఈ ఒక్క అంకె తరువాత చాలా పనికొస్తుంది.

ప్రాణం సంగతి ముందుగా చెప్పాలి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్నారు, ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. అంతకు ముందూ ఆ తర్వాతా ఇటుకలకు, రోడ్లకు మట్టి తవ్వుకున్నారు. ఆ గుంతలు నీళ్ల కింద కనబడవు. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగుకే నిలువు లోతులో పడతారు. ఒక్కరే దిగకండి. ముందు కర్రతో తాకి చూసి అడుగు వేయండి. నడుము లోతు దాటి వెళ్లాల్సి వస్తే ఆ చెరువు తెలిసిన జాలరి తెప్ప మీదే వెళ్లండి. కాళ్లకు పుండ్లు ఉంటే మురుగు కలిసే చోట అసలు దిగవద్దు.

గీతలు పట్టడం

ఒడ్డు నుంచి చెరువు మధ్యకు తాడు లాగి, దాని వెంట మొక్కలు చూసుకుంటూ వెళ్లే దారినే గీత అంటున్నాను. ఒక చెరువుకు మూడు గీతలు చాలు. ఒకటి వాగు వచ్చి కలిసే చోట. ఒకటి ఊరి మురుగో, కాలనీ కాలువో, రైస్‌మిల్లు నీళ్లో కలిసే చోట. మూడోది ఈ రెంటికీ దూరంగా, చెరువులో అన్నిటికన్నా బాగుందని మీకు తోచిన చోట. మూడోది ఎందుకంటే, పోల్చడానికి మంచి మచ్చు ఒకటి ఉండాలి.

గీత మొదలయ్యేది నీళ్ల అంచున కాదు. నిండు చెరువు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ, అంటే ఎఫ్‌టీఎల్ హద్దు దగ్గర. కొన్ని చెరువులకు హద్దు రాళ్లుంటాయి, లేనిచోట నీరటినో పాత రైతునో అడిగితే చూపిస్తారు. అక్కడ కదలని గుర్తు పట్టుకోండి: బండరాయి, కరెంటు స్తంభం, పాత ఈతచెట్టు. అక్కడి నుంచి తాడు చెరువు మధ్యకు లాగండి. తాడు అయిపోతే మళ్లీ ముందుకు జరపండి, నడుము లోతు వచ్చేదాకా. ప్రతి ముడి దగ్గరా చట్రం పెట్టాలి. తాడుకు ఎప్పుడూ ఒకే పక్కన పెట్టండి, లేకపోతే చేయి దానంతట అదే మొక్కలు బాగున్న పక్కకు పోతుంది.

మొదటి గుర్తు దగ్గర నిలబడి, చెరువు మధ్యకు ఒకటి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి ఫొటోలు తీయండి. ప్రతి ఏడూ అక్కడే, అదే ఎత్తులో. మొదటి రెండేళ్లు నేను తోచిన చోటల్లా ఫొటోలు తీశాను. వందల ఫొటోలు, రెంటిని పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఒక్క జత లేదు. ఆ రెండేళ్ల పనీ వృథా అయింది. మీరు ఆ తప్పు చేయకండి.

చట్రంలో ఏం చూడాలి

చట్రం లోపల ఏ మొక్క ఎంత మేర కమ్మిందో అంచనా కట్టాలి. మొక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పని పెట్టుకోవద్దు, గరిక లాంటిదాన్ని లెక్కపెట్టలేం కూడా. మీటరు చట్రంలో పది సెంటీమీటర్ల చదరం అంటే నూటికి ఒక వంతు. వేళ్లు వదిలేస్తే పెద్దవాళ్ల అరచేయి దాదాపు అంతే ఉంటుంది. మొదట్లో అరచేయి ఆనించి చూస్తే రెండు రోజుల్లో కన్ను కుదురుతుంది. పైన తేలే ఆకుల కింద అడుగు మొక్కలు కూడా ఉండవచ్చు కనుక మొత్తం నూరు దాటినా తప్పు లేదు.

సరిగ్గా 37 శాతమా 40 శాతమా అని తంటాలు పడొద్దు. ఐదు తరగతులు చాలు. 5 శాతంలోపు ఒకటి, 5 నుంచి 25 దాకా రెండు, 25 నుంచి 50 దాకా మూడు, 50 నుంచి 75 దాకా నాలుగు, ఆపైన ఐదు. ఇద్దరు విడివిడిగా చూసి రాయండి. తరగతి తేడా వస్తే మళ్లీ చూడండి.

ప్రతి చట్రానికీ నీళ్ల లోతు, నేల ఎలా ఉంది, వాసన ఎలా ఉంది రాయండి. కర్రతో పొడిచినప్పుడు బుడగలు లేచి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడుగున ప్రాణవాయువు లేదని అర్థం. పేరు తెలియని మొక్కకు "మూడో గీత, తెలియనిది ఒకటి" అని పేరు పెట్టి, పువ్వుతో కాయతో ఒక కొమ్మ న్యూస్‌పేపర్ మడతలో పెట్టండి. తరవాత కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో గానీ దగ్గరి కాలేజీలో గానీ చూపించుకోవచ్చు. తప్పుడు పేరు రాయడం కంటే తెలియదని రాయడం ఎంతో మేలు.

వరుసను చదవడం

అసలు పని ఇక్కడుంది. బాగున్న చెరువులో ఒడ్డు నుంచి లోపలికి ఒక వరుస కనిపిస్తుంది. నిండు హద్దు దగ్గర గరిక, తంగేడు, అక్కడక్కడ నల్లతుమ్మ, ఈత. కాస్త దిగితే తడి నేల: పొన్నగంటి కూర, గుంటగలగర, నీటి సాంబ్రాణి, ముళ్లతో నీలిపూలతో నీరుగొబ్బి. ఇంకా దిగితే కాళ్లు నీళ్లలో పెట్టి నిలబడే తుంగలు, జమ్ము. వాటిని దాటితే అడుగున వేరు, పైన ఆకు తేలే కలువ, తామర. వాటినీ దాటితే ఒళ్లంతా నీళ్ల లోపలే ఉండే నాచుజాతులు, తేట నీళ్లలో రిబ్బన్‌లా పొడవు ఆకులతో ఊగే వాలిస్నేరియా, ముట్టుకుంటే గరుకుగా ఉండి వెల్లుల్లి వాసన వచ్చే కారా.

వెడల్పుల్లో తేడా ఉంటుంది, ఒక్కో చెరువుది ఒక్కో తీరు. చూడాల్సింది వరుస ఎక్కడ తెగిందన్నది.

ఒడ్డు పట్టీ తెగిందంటే చాలావరకు కబ్జా గానీ, మట్టి తవ్వకం గానీ, దున్నకం గానీ. గరిక నుంచి నేరుగా నీళ్లలోకి దిగుతున్నారంటే ఎవరో మధ్య పట్టీని చెక్కేశారు. ఆ పట్టీయే వాన నీళ్లతో వచ్చే మట్టినీ ఎరువునూ ఆపేది.

సర్కారు తుమ్మ శికంలోకి దిగి వస్తే ఆ నేల చాలాకాలంగా సరిగ్గా మునగలేదని గుర్తు. నల్లతుమ్మను చూసి అట్లా అనుకోకండి, అది నీళ్లను ఓర్చుకుంటుంది, చెరువుల్లో ఉండదగినదే. కాయ చూస్తే తేడా తెలుస్తుంది. నల్లతుమ్మ కాయ గింజ గింజకూ నొక్కుపడి పూసలదండలా ఉంటుంది. సర్కారు తుమ్మ కాయ నొక్కులు లేకుండా సాఫీగా, పండితే లేత పసుపుగా ఉంటుంది. ఇక గునుగు, వయ్యారిభామ శికం లోపలి చట్రాల్లో కార్తీకంలోనే కనిపిస్తే ఆ ఏడు నీళ్లు అక్కడికి రాలేదన్నమాట.

జమ్ము ఒక్కటే గోడలా కమ్మేస్తే పూడిక పెరిగింది, లోతు తగ్గింది, ఎరువు నీళ్లు అందుతున్నాయి. కొంచెం జమ్ము చెరువుకు మేలే, పిట్టలు గూళ్లు పెట్టుకుంటాయి, మురుగును కొంత వడగడుతుంది. పది జాతులున్న చోట జమ్ము ఒక్కటే మిగిలితేనే చింత. (రాసుకునేటప్పుడు జమ్ముకూ జమ్మిచెట్టుకూ కలగాపులగం కాకుండా చూడండి. పిల్లల నోట్‌బుక్కుల్లో తరచూ చూస్తాను.)

లొట్టపీసు గుబురులు వాగు మూతి దగ్గర మొదలై ఒడ్డంతా పాకుతాయి. విరిగిన కాడ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. మేకలు మామూలుగా దాని జోలికి పోవు, మేతలేక అదే పనిగా తింటే నరాల జబ్బు చేస్తుంది. అందుకే మేతకు పనికొచ్చే మొక్కలు తగ్గి ఇదొక్కటే పెరుగుతుంది.

అడుగు మొక్కల పట్టీ పోవడం అన్నిటికన్నా పెద్ద దెబ్బ, పైనుంచి అన్నిటికన్నా తక్కువగా కనబడేదీ అదే. మురుగుతో నత్రజని, భాస్వరం పెరిగితే నీళ్లలో కంటికి ఆనని పచ్చటి జీవాలు (శైవలాలు) పెరుగుతాయి. నీళ్లు పెసర రంగుకు తిరుగుతాయి. వెలుతురు అడుగుకు అందదు, నాచు చస్తుంది. నాచు పోయాక బురదను పట్టి ఉంచేది లేక నీళ్లు ఇంకా మడ్డిపడతాయి. ఒకసారి అటు తిరిగిన చెరువు మురుగు కాస్త తగ్గించినంత మాత్రాన వెనక్కి రాదు. అందుకే పళ్లెం లోతు తగ్గుతూ, నాచు పలచబడుతూ ఉన్న ఏడే గుర్తుపట్టి గొంతెత్తాలి.

నాచులన్నీ ఒకటి కావు. కారా, వాలిస్నేరియా, నీటి పురుగులను చిన్న బుడగల్లో పట్టి తినే పసుపుపూల యుట్రిక్యులేరియా ఉంటే నీళ్లు తేటగా, ఎరువు తక్కువగా ఉన్నాయని చాలావరకు నమ్మవచ్చు. హైడ్రిల్లా మధ్యరకం. వేర్లు లేకుండా నీళ్ల నుంచే తిండి తీసుకునే సెరటోఫిల్లం ఒక్కటే దట్టంగా మిగిలితే నీళ్లలో ఎరువు ఎక్కువైనట్టు. ఒక పోగు నాచు తీసి చేతిలో పరచి చూడండి. ఆకు తేటగా, పచ్చగా ఉందా, లేక గోధుమరంగు మడ్డి పూత పట్టిందా? వేలితో రుద్దితే ఆ పూత జిగటగా ఊడివస్తే నీళ్లలో దుమ్ము, జిగురు పాచి పెరిగినట్టు. మొక్క ఇంకా ఉంది కానీ దానికి ఊపిరాడటం లేదు. వచ్చే ఏడు ఉండకపోవచ్చు.

గుర్రపుడెక్కను తిరగేసి చూడండి

తేలే మొక్కల గురించి విడిగా చెప్పాలి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క, క్యాబేజీలా ఆకులు గుమిగూడిన అంతరతామర, ఆవగింజంత ఆకులతో నీళ్ల మీద పరుచుకునే డక్‌వీడ్. వీటికి నేలతో పని లేదు, తిండి మొత్తం నీళ్ల నుంచే. కనుక ఇవి విపరీతంగా పెరిగాయంటే నీళ్లలోనే తిండి ఉందన్నమాట. ఎండ, ఎరువు రెండూ దొరికితే గుర్రపుడెక్క రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు.

గుంపు మధ్యలోది వద్దు, అంచున విడిగా తేలుతున్న గుర్రపుడెక్కను ఒకటి ఎత్తండి. గుంపు మధ్యలో ఇరుకుకు కాడలు ఎలాగూ సాగుతాయి. వేళ్లు నీళ్లు కారనిచ్చి, తిరగేసి, కర్ర పక్కన పెట్టి కొలవండి. తిండి తక్కువైన నీళ్లలో మొక్క వేళ్ల కోసమే ఖర్చు పెడుతుంది. నల్లటి ఈకల్లాంటి వేళ్లు ఆకుల కంటే పొడవుగా వేలాడతాయి, కాడలు పొట్టిగా ఉంటాయి. మురుగు నీళ్లలో దానికి వెతుక్కునే అవసరం లేదు, వేళ్లు పొట్టి, ఆకులు ఎత్తు. మూడు గీతల దగ్గరా పదేసి మొక్కలు ఎత్తి వేరు పొడవు, ఆకు ఎత్తు కొలిచి రాయండి. ఆకు ఎత్తుకు వేరు పొడవు ఎన్నో వంతు అన్నది కాలువ దగ్గర ఒకలా, దూరపు ఒడ్డున ఒకలా వస్తే మురుగు ఎటు నుంచి వస్తోందో ఏ ప్రయోగశాలా లేకుండానే చూపించవచ్చు. పిల్లలకు మొదట ఇదే చేయించండి. వరుసగా పేర్చిన ముప్పై మొక్కలు చూశాక వాళ్లకు ఇంకెవరూ వివరించక్కర్లేదు.

ఇంకో జంట గురించి హెచ్చరిక. పొన్నగంటి కూరకు తెల్లటి పూగుత్తి ఆకు మొదట్లోనే కాడ లేకుండా అంటుకుని ఉంటుంది. అచ్చం దానిలాగే ఉండి, పూగుత్తి పొడవైన కాడ చివర నిలబడి, కాండం బోలుగా ఉంటే అది విదేశీ ఎలిగేటర్ వీడ్. పట్టణాల పక్క చెరువుల్లో రెండూ కలిసి ఉండవచ్చు. మొదటిది చెరువు సొంత మొక్క, రెండోది మురుగు వెంట పాకేది. మురుగు కలిసే చోట పొన్నగంటి అయినా సరే కోసుకోవద్దని కూర ఏరేవాళ్లకు చెప్పండి, అక్కడి మొక్క నీళ్లలోని లోహాలను కూడా పీల్చుకుంటుంది.

అంకెల్లోకి మార్చడం

ప్రతి తరగతికీ నడిమి విలువ తీసుకోండి: 2.5, 15, 37.5, 62.5, 87.5. లెక్క తెలియడానికి ఒక ఊహ: మురుగు గీత మీద పది చట్రాలు. గుర్రపుడెక్క మూడింటిలో ఐదో తరగతి, రెండింటిలో నాలుగు, ఒకదానిలో మూడు, ఒకదానిలో రెండు, మూడింటిలో అసలు లేదు. 262.5, 125, 37.5, 15 కలిపితే 440. పదితో భాగిస్తే 44 శాతం. లేని చట్రాలనూ భాగారంలో కలపడం మరవకండి. ఈ లెక్క ప్రతి జాతికీ, ప్రతి గీతకూ చేయండి.

తరవాత మొక్కలను మూడు గుంపులు చేయండి. చెడిన నీళ్లను తట్టుకోలేనివి, మధ్యరకం, చెడిన చోటే చెలరేగేవి. అమెరికాలో చికాగో ప్రాంతపు వృక్షశాస్త్రవేత్తలు ఫ్లాయిడ్ స్వింక్, జెరూల్డ్ విల్హెల్మ్ 1970ల్లో ప్రతి మొక్కకూ సున్నా నుంచి పది దాకా అంకె ఇచ్చే పద్ధతి తెచ్చారు, దాని మీద ఎన్నో చోట్ల చిత్తడి నేలలను అంచనా వేస్తున్నారు. ఆలోచన గొప్పది. కానీ ఆ అంకెలు అక్కడి మొక్కలకు, అక్కడి చలికి ఇచ్చినవి. వాటిని తెచ్చి మన తుంగలకు అంటించవద్దు. మీ చెరువుల్లో, మీ మూడో గీత మీద చూసిన దాన్ని బట్టి మూడు గుంపులు చేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ప్రతి గీతకూ నాలుగు విషయాలు ఒక వరుసలో రాయండి: ఎన్ని జాతులు, తట్టుకోలేనివి ఎన్ని, చెలరేగేవి కమ్మిన శాతం, వరుసలో ఎన్ని పట్టీలు మిగిలాయి. పక్కన పళ్లెం లోతు. అన్నీ కలిపి ఒకే మార్కు వేయమని చాలామంది అడుగుతారు. నేను వేయను. 60 మార్కులు వచ్చిన చెరువుకు ఏం చేయాలో ఎవరికీ తెలియదు. "రెండో గీత దగ్గర నాచు పట్టీ పోయింది, గుర్రపుడెక్క వేళ్లు పొట్టి" అంటే ఏ కాలువ మూయాలో తెలుస్తుంది.

ఒక్క ఏడు చూసి తీర్పు చెప్పకండి. కరువు ఏడు, వరద ఏడు మొక్కలు అటూఇటూ అవుతాయి. మూడేళ్లు ఒకే దిక్కుకు పోతుంటే నమ్మండి.

రాసిన దాన్ని ఏం చేయాలి

కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నియమాల్లో సాగు కోసం, తాగునీటి కోసం కట్టిన జలాశయాలను మినహాయించారు. మన కాకతీయ చెరువుల్లో ఎక్కువ సాగు చెరువులే. అంటే ఆ రక్షణ వీటికి నేరుగా అందదు. అందుకే ఊరి చేతిలో సొంత రికార్డు ఉండటం ఇంత అవసరం. ఒక పేజీ, మూడు ఫొటోలు, ఒక చేతిగీత పటం. పంచాయతీకి ఒకటి, మత్స్యకార సంఘానికి ఒకటి, నీటిపారుదల శాఖకు ఒకటి ఇవ్వండి. సంఘం వాళ్లకు ఇచ్చేటప్పుడు చేపకు ఏమవుతుందో ముందు చెప్పండి, మొక్క సంగతి వెంటే వస్తుంది.

గుర్రపుడెక్క తీయిస్తామని ఎవరైనా ముందుకొస్తే సంతోషమే, కానీ ముందు మీ కాగితం చూపించండి. నేను చూస్తున్న ఒక కుంటలో జేసీబీలతో రెండు రోజుల్లో అంతా ఊడ్చేశారు. గుర్రపుడెక్కతో పాటు ఒడ్డు తుంగ, కలువ దుంపలు, పొన్నగంటి పట్టీ అంతా పోయింది. తీసిన కుప్పలు ఒడ్డునే వదిలేశారు. నీళ్లు తళతళలాడాయి, ఊరంతా సంబరపడింది, నేనూ పడ్డాను. మురుగు కాలువ మాత్రం పారుతూనే ఉంది. మరుసటి కార్తీకానికి మళ్లీ కమ్మేసింది, ఈసారి అడ్డుకునే తుంగ కూడా లేదు. గుర్రపుడెక్క విత్తనం బురదలో 15 ఏళ్లకు పైగా బతికి ఉండగలదు. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు మురుగు ఆపాలి, పూత రాకముందే తీయాలి, చేత్తో వలతో తీయగలిగిన చోట యంత్రం దించకూడదు, సొంత మొక్కల పట్టీ వదలాలి, తీసినదాన్ని రసం మళ్లీ చెరువులోకి కారనంత దూరం మోయాలి.

పూడిక తీసిన చెరువు మీ దగ్గరలో ఉంటే అది అరుదైన అవకాశం. హనుమకొండ, వరంగల్ నడుమ ఉన్న భద్రకాళి చెరువు నీళ్లు 2024 నవంబరులో వదిలి పూడికతీతకు దిగారు. అలాంటి చోట మొదటి వానల తర్వాత ఏ మొక్క ముందు మొలిచింది, ఎక్కడ మొలిచింది, ఎన్నో వారానికి తేలే మొక్క కనిపించింది అన్నది నెలకోసారి రాయండి. పూడికతో పాటు మంచి మొక్కల విత్తనాలూ లేచిపోయి ఉంటాయి. అవి తిరిగి రాకపోతే దగ్గర్లోని బాగున్న చెరువు నుంచి కలువ దుంపలు, తుంగ మోళ్లు తెచ్చి నాటాల్సి వస్తుంది. తెచ్చే ముందు ఆ మోళ్లను విడివిడిగా కడిగి, వేళ్ల మధ్య గుర్రపుడెక్క పిలక గానీ అంతరతామర పిల్ల గానీ ఇరుక్కుని లేదని ఒక్కొక్కటీ చూసుకోండి.